బాపు పేరు మీద బెల్లం

నా నెత్తి మీద ఒక కాకి కూర్చుని ఏళ్ళయింది. ఎవరికీ కనపడదు. దిగదు. అది వచ్చిన రోజు ఊరంతా చూసింది. కాకపోతే అది బాపు కోసం వేసిన విస్తరి మీద వాలిందనుకున్నారు. నా మీద వాలిందని నాకొక్కడికే తెలుసు.

నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెప్తున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పబోతే నోరు బెల్లం పాకంలో ఇరుక్కున్నట్టు అయిపోతుంది. నవ్వొస్తే నవ్వుకో. నాకే చాలాసార్లు వచ్చింది. అదే నా తప్పులో మరో తప్పు. దీని వల్ల మా ఇంట్లో ఇన్నేళ్ళుగా ఏడుపు కంటే నవ్వే ఎక్కువ వచ్చింది. ఏడిపించిన తప్పును ఒప్పుకోవడం తేలికేమో. నవ్వించిన తప్పును ఎట్లా ఒప్పుకోవాలి?

మా ఊరు బోధన్‌కు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. కాలువ నీళ్ళు కొత్తగా వచ్చిన ఏడు మా బాపు పోయాడు. బాపు అంటే మా నాన్న. చుట్టుపక్కల ఊళ్ళలో బెల్లం వండడంలో ఆయన తరువాతే ఎవరైనా. మా పొలం గట్టున ఇనుప గానుగ, దాని పక్కన పెద్ద కడాయి, పొయ్యి. పాకం తీగ సాగేటప్పుడు ఆయన గరిటె పైకెత్తి ఒక్క చుక్క నీళ్ళలో వేసి, వేళ్ళతో నలిపి చూసి, "దించుండ్రి" అనేవాడు. ఆ మాటకు ఎదురు లేదు. ఆ పని నేను నేర్చుకున్నాను. అన్న నేర్చుకోలేదు.

అన్నకు పొగ పడదు. ఆయనకు నలుగురిలో కూర్చోవడం, మాట్లాడడం, బేరం చేయడం ఇష్టం. ఉర్దూ గలగలా మాట్లాడతాడు, మరాఠీ బండ్లవాళ్ళతో మరాఠీలోనే జోకులేస్తాడు. బోధన్ బజారులో బట్టల దుకాణం పెట్టాలని ఆయన కోరిక. ఒక గది కూడా చూసుకొచ్చాడు. దుకాణం ఇంకా పుట్టకముందే బట్ట కొలిచే ఇనుప గజం కొనుక్కొచ్చి, దానికి నూనె రాసి, వాకిట్లో గోడకు ఆనించాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని అవ్వ నవ్వేది. అవ్వ అంటే మా అమ్మ.

గది చూశాడు, గజం కొన్నాడు. ఇక దుకాణంలోకి సరుకు కావాలి. దానికోసం గానుగ అమ్మాలి. దెగ్లూరు నుంచి ఒక సావుకారి వచ్చి చూసి కూడా పోయాడు.

గానుగ పోతే నేనెవరిని? ఇప్పుడు నెమ్మదిగా అడుగుతున్నాను గానీ, అప్పుడు ఈ ప్రశ్న నా గుండెల్లో కుమ్మరి పురుగులా తొలిచేది. నాగలి పట్టడంలో నేను ఊళ్ళో పదిమందిలో ఒకణ్ణి. కడాయి ముందు నిలబడితే మాత్రం బాపు తరువాత నేనే. బాపు మంచం పట్టాక "దించుండ్రి" అనే మాట నా నోటి నుంచి వచ్చింది. ఆ మాట రుచి మరిగినవాడికి బెల్లం రుచి ఒక లెక్కా?

బాపు పోవడానికి కొన్నాళ్ళ ముందు సంగతి. ఛాతీలో పొగ పేరుకుపోయి దగ్గు ఆగేది కాదు. పొద్దటి ఎండ కోసం మంచాన్ని గానుగ దగ్గర వేయించుకున్నాడు. నేను కడాయి తోముతున్నాను. నన్ను పిలిచాడు.

"ఏమిరా చిన్నోడా, నేను సచ్చినంక పిట్టకు ఏం పెడ్తవ్?"

"గసుంటి మాటలెందుకు బాపు?"

"అరే చెప్పుర. నాకు తెల్వాలె గద. బువ్వ మంచిగ లేకుంటె నేను రానే రాను."

"బెల్లం పాశం పెడ్త. నీ చేతి బెల్లమే."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు మళ్ళీ నవ్వులోకి ఎక్కింది.

"బెల్లం పేరెత్తకుర నాయనా! బుద్ధెరిగినప్పటి సంది దాని పొగ పీల్చిన. యాష్టకొచ్చింది. కాలువ నీళ్ళల్ల చేపలొస్తున్నయి సూడు, గా చేపల పులుసు పెట్టు. చింతపండు జర ఎక్కువెయ్యుమను మీ అవ్వను."

"మరి గానుగ?"

"అమ్మేయుండ్రి. పెద్దోడు బోధన్ పోతనంటుండు, పోనియ్యి. ఆని మనసు ఈడ లేదు. నువ్వు ఆపకు."

"నీ పేరు మీద ఏమన్న చెయ్యాలె గద బాపు."

"గోదాట్ల కలిపినంక నాకు పేరెందుకుర? చేపలు తిన్నప్పుడు యాది చేస్కోండ్రి, సాలు."

ఇంతే మాట. గాలిలో పోయే మాట కాదు, నా చేతిలో పెట్టి పోయిన మాట. దాన్ని నేను మింగేశాను. అవ్వకు చెప్పలేదు, అన్నకు చెప్పలేదు. మొదట దాచాలని కూడా అనుకోలేదు. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ ఉండగానే ఆయన పోయాడు. పోయాక చెప్పడం ఇంకా కష్టమైంది. చెప్తే గానుగ పోతుంది. ఆ ఆలోచన ఏడుపు మధ్యలోనే వచ్చింది. నన్ను నేను ఎంత తిట్టుకున్నా వచ్చింది.

బూడిద ఎత్తి, అస్థికలు కుండలో పెట్టి, బండి కట్టుకుని కందకుర్తి పోయాం. అక్కడ మంజీర వచ్చి గోదావరిలో కలుస్తుంది. అన్న మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి కుండ వంచాడు. నీళ్ళు కాసేపు తెల్లగా అయ్యాయి, మళ్ళీ మామూలు నీళ్ళయ్యాయి. "గింతేనా?" అన్నాడు అన్న, చిన్నపిల్లాడిలా. వచ్చేటప్పుడు దారంతా అదే ధ్యాస. బాపు గుర్తుగా ఏదో ఒకటి ఉండాలి. గానుగకు కూతవేటు దూరంలో, మా పొలంలోనే, బాపును కాల్చిన చోట రాతి గద్దె కట్టించి పేరు చెక్కిద్దామన్నాడు. అవ్వ మాత్రం వేపమొక్క చాలంది, నీడలో మనమే కూర్చోవచ్చంది. ఊళ్ళో అందరికీ ఏటా భోజనం పెట్టాలన్నాడు మా మేనమామ. ఆయనకు భోజనం తప్ప ఇంకో ఆలోచన రాదు. నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే చేపల మాట చెప్పేవాణ్ణా? ఏమో. ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను.

ఇక పదకొండో రోజు. మా దిక్కు ఆ రోజు పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, కాల్చిన చోట విస్తరి వేసి, దూరంగా జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టితే ఆయన తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలినట్టు. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరు చేతులు జోడించి మాట ఇస్తారు. ఏ మాటకు పిట్ట దిగితే ఆ మాట రాతి మీద గీత. దానిని తప్పినవాణ్ణి మా ఊళ్ళో నేను చూడలేదు.

కాకుల సంగతి నాకు తెలిసినంత ఊళ్ళో ఎవరికీ తెలియదు. గానుగ దగ్గర వాటితోనే నా సద్ది. పొద్దున్నే పోతాను, తలకు చుట్టిన రుమాలు విప్పి దులుపుతాను, కూర్చుని రొట్టె తుంచి వాటికి రెండు ముక్కలు వేసి నేను తింటాను. రోజూ ఇదే వరస. కాబట్టి రుమాలు విప్పితే వాటికి అన్నం గంట కొట్టినట్టే. అందులో ఒక కుంటి కాకి ఉండేది. మిగతావి ఎగరాలా వద్దా అని ఆలోచించేలోపు అది నా కాళ్ళ దగ్గర ఉండేది. కడుపు నిండిన రోజు మాత్రం మిగతావి ఎంత విదిల్చినా చెట్టు దిగవు. కుంటిదానికి కడుపు నిండడమనేదే లేదు, కానీ మనుషులున్న చోట రుమాలు విప్పందే అదీ దిగదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానో నీకు అర్థమై ఉంటుంది.

ఆ పదకొండో రోజు తెల్లవారుజామున నేను చావింట్లో మిగిలిన రొట్టెలన్నీ బుట్టలో వేసుకుని గానుగ దగ్గరికి పోయాను. అలవాటుగా పోలేదు. చుట్టుపక్కల కాకులన్నిటికీ మెక్కినంత పెట్టాను. అవి తింటుంటే నేను చూస్తూ కూర్చున్నాను. చేతులు వణికాయా అంటే, లేదు. అది కూడా చెప్పాలి.

గుండు చేయించుకున్నాం. చలికి నా గుండు మీద రుమాలు చుట్టుకున్నాను. అన్న విస్తరి వేశాడు. పాయసం, గారెలు, మాంసం, కల్లు, మధ్యలో ఒక బెల్లం ముక్క. అందరం వెనక్కి జరిగాం. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చుని పెళ్ళికి వచ్చిన పెద్దమనుషుల్లా చూశాయి. ఒక్కటీ కదలలేదు.

మొదట మేనమామ ముందుకొచ్చాడు. "బావా, నీ బండి పగ్గాలు నా తాననే ఉన్నయి, రేపే తెచ్చిస్త" అన్నాడు. ఆ పగ్గాలు పోయాయని బాపు ఎన్నాళ్ళు వెతికాడో! అంత దుఃఖంలోనూ అవ్వ తమ్ముడి వైపు ఒక చూపు చూసింది. పక్కింటాయన, గట్టు జరిపింది తనేనని, వెనక్కి జరుపుతానని ఒప్పుకున్నాడు. ఇంకొకాయన మామిడికాయల దొంగతనం బయటపెట్టాడు. ఎవరు ఏం ఒప్పుకున్నా కాకులు కిందికి చూడనే లేదు. ఊరి పాపాలన్నీ బయటికి వచ్చేట్టున్నాయి. ఒక్క నాది తప్ప.

అన్న గద్దె కట్టిస్తానన్నాడు. పిట్ట రాలేదు. వేపమొక్క పెడతానన్నాడు. రాలేదు. "బాపు, నా మీద కోపమున్నదా?" అన్నాడు. అప్పుడు అవ్వ మెల్లగా, "గానుగ అమ్ముతనంటివి గద కొడుకా, గదేనేమో" అంది. అవ్వ ఆ మాట అంటుందని నాకు తెలుసు. దానికోసమే కాచుకుని ఉన్నాను.

అన్న బోధన్ బాట వైపు ఒకసారి చూశాడు. తరువాత చేతులు జోడించాడు. "గానుగ అమ్మ బాపు. ఏటేటా నీ పేరు మీద మొదటి కడాయి బెల్లం ఊరందరికి పంచుత." అక్కడితో ఆపితే బాగుండేది. ఆపలేదు. "నేను ఊరిడిచి పోను. సచ్చేదాక నీ పొయ్యి కాడనే ఉంట."

అది నేను కోరలేదు. నాకు గానుగ కావాలి గానీ అన్న బతుకు కట్టుబడిపోవాలని కాదు. అప్పుడు నేను ఊరుకోవచ్చు. చేతులు కట్టుకుని నిలబడితే కాకి రాదు, మాట నిలవదు, ఇంకెవరో ఇంకేదో అంటారు. ఊరుకోలేదు. రుమాలు విప్పి దులిపాను.

కుంటి కాకి దిగింది. విస్తరి చుట్టూ ఒక్క గంతు వేసి, అన్నీ వదిలి, సరాసరి బెల్లం ముక్కను నోట కరుచుకుంది. బెల్లం పేరెత్తొద్దన్న మనిషి పేరు మీద! జనమంతా ఒక్కసారి గొల్లుమన్నారు, ఏడుపో నవ్వో తెలియదు. అవ్వ కళ్ళు తుడుచుకుంటూ, "సూడుండ్రి ఎట్ల కుంటుతుందో, ఆయనకు మోకాలు నొప్పి గద" అంది. నేను రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని మేనమామ నా వీపు నిమిరాడు.

అప్పటి నుంచి ఏటా బాపు దినం మా ఊరికి ఒక పండుగ. మొదటి కడాయి దించే వేళకు పిల్లలంతా మోదుగాకులు పట్టుకుని బారు తీరతారు. బాట మీద పోయే మరాఠీ బండ్లవాళ్ళు కూడా ఎడ్లను ఆపి, ఆకులో వేడి పాకం పట్టుకుని, "గోడ్ ఆహే", తియ్యగా ఉంది అంటూ మూతులు కాల్చుకుంటారు. మేనమామ పొయ్యి దగ్గర నుంచి కదలడు. అవ్వ అందరినీ తిడుతూ అందరికీ వడ్డిస్తుంది. అన్న ఆ ఇనుప గజాన్ని బయటికి తీస్తాడు. బట్ట కొలవాల్సిన గజంతో పిల్లల ఎత్తు కొలుస్తాడు. పోయినేటికన్నా పెరిగినవాళ్ళకు రెండు ముద్దలు. మడమలెత్తి మోసం చేసినవాళ్ళకు, పట్టుబడితే మూడు. అందుకని పిల్లలంతా మడమలెత్తుతారు. ఆ అల్లరిని నువ్వు చూడాలి. బాపు బూడిద గోదావరిలో కరిగిపోయినా ఆయన పేరు ఇంతమంది నోట తియ్యగా ఉంది కదా అని నాకు నిజంగా సంతోషమేస్తుంది. ఆ సంతోషం అబద్ధం కాదు. దాని కింది పునాదే అబద్ధం.

ఆ తరువాత అన్న ఆ పదకొండో రోజు పిట్ట కథ చెప్తాడు, ఏటా కాస్త పెంచి. మొదటి ఏడు కాకి తుమ్మచెట్టు మీంచి వచ్చింది. మరుసటేడు గోదావరి దిక్కు నుంచి వచ్చింది. ఆ తరువాత అన్న చుట్టూ ప్రదక్షిణ చేసింది. పోయినేడు "పెద్దోడా" అని పిలిచింది కూడా. నేను పక్కన గరిటె తిప్పుతూ తలూపుతాను. కథకు సాక్షిని నేనే.

అన్న సుఖంగా ఉన్నాడా? ఉన్నట్టే ఉంటాడు. అంత నవ్వే మనిషి లోపల ఏమి దాచుకుంటాడులే అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. కానీ అంత నవ్వే మనిషి పక్కనే నేనూ నవ్వుతూ ఎంత దాచుకున్నానో నాకు తెలుసు కదా. పొగకు ఆయన కళ్ళు ఎర్రబడడం చూస్తాను. చెరుకు బండ్లు బోధన్ వైపు పోతుంటే ఆయన పని ఆపి అవి మలుపు తిరిగేదాకా చూడడం చూస్తాను. అడగను. అడిగితే చెప్తాడేమోనని భయం.

ఇప్పుడు బోధన్‌లో చక్కెర కార్ఖానా వచ్చింది. మా దిక్కు ఊళ్ళు తిరిగి రైతులతో మాట్లాడి చెరుకు కుదర్చడానికి ఒక మనిషి కావాలట. ఉర్దూ రావాలి, మరాఠీ రావాలి, పదిమంది మాట వినాలి. అన్నను చూసి అచ్చు పోసినట్టుంది ఆ పని. కబురు తెచ్చినాయనకు అన్న చల్ల ఇచ్చి, కూర్చోబెట్టి, కార్ఖానా గురించి అదీ ఇదీ అన్నీ అడిగాడు. కళ్ళు మెరుస్తున్నాయి. అంతా విన్నాక నవ్వుతూ, "నేను రాను. పిట్టకు మాటిచ్చిన" అన్నాడు. వచ్చినాయన బతిమాలి, ఈ వారమంతా ఆలోచించమని చెప్పిపోయాడు. ఆ సాయంత్రం అన్న గజానికి నూనె రాస్తూ కనపడ్డాడు. ఊరికే తుప్పు పడుతుందని రాస్తున్నానన్నాడు.

అప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఒకసారి ఆపాను. నోరు మూసుకుంటే రెండోసారీ ఆపినట్టే. మొదటిసారి వయసు, ఆశ, తెలివితక్కువతనం అని ఏవో పేర్లు పెట్టుకోవచ్చు. ఈసారి ఏ పేరు పెట్టను?

బాపు కోసమే చేశానని చాలా ఏళ్ళు నమ్మాను. ఆయన గానుగ, ఆయన పొయ్యి, ఆయన పేరు. కాదు. ఆయన స్పష్టంగా వద్దన్నాడు. నేను నా కోసం చేశాను. "దించుండ్రి" అనే ఒక్క మాట కోసం చచ్చిన తండ్రి నోటిని కాకికి తగిలించి, నాకు కావలసింది పలికించాను. ఇది రాయడానికి ఇంతసేపు పట్టింది. రాశాను. చెయ్యి విరిగిపోలేదు.

రేపు బాపు దినం. ఈ పొద్దున కాలువకు పోయి చేపలు పట్టుకొచ్చాను. పొయ్యి పక్కన నీళ్ళ కుండలో వేశాను. ఇది రాస్తుంటే తోకలు కొడుతూ నా కాగితం మీద నీళ్ళు చల్లుతున్నాయి. బాపు దినాన చేపలేమిటని నా ఇంటామె అడిగింది. చింతపండు ఎక్కువ నానబెట్టమన్నాను. వింతగా చూసి, నానబెట్టింది.

రేపు బాపుకు వేసే విస్తరిలో బెల్లం ఉండదు, చేపల పులుసు ఉంటుంది. అన్న తప్పకుండా అడుగుతాడు, "ఇదేందిరా?" అని. అడిగాక నాకు దాక్కునే చోటు ఉండదు. అవ్వ ముందు, మేనమామ ముందు, ఆకులు పట్టుకున్న పిల్లల ముందు, బాపు అన్నది అన్నట్టు చెప్తాను. అన్న బోధన్ పోతాడో, గజం తిరగేసి నన్ను కొడతాడో, ఇన్నేళ్ళు ఇట్లా పోయాయి కదరా అని కూలబడతాడో తెలియదు. పండుగ ఉంటుందో పోతుందో తెలియదు. క్షమించమని అడగను. ఎవరు క్షమించాలి? బాపు లేడు, కుంటి కాకీ లేదు.

ఒకటి మాత్రం తేల్చుకున్నాను. రేపు ఎంత చలిగా ఉన్నా రుమాలు చుట్టుకోను. ఒట్టి నెత్తితో అన్న పక్కన నిలబడతాను. పిట్ట వస్తే బాపు చేపల కోసం వస్తుంది.